సైనస్‌కి మనూకా తేనె: ముక్కులో పోసుకోవచ్చా?

తెనాలి_కోడలు:
మావారికి నాలుగేళ్లుగా సైనస్. రెండేళ్ల క్రితం ఆపరేషన్ కూడా అయింది. అయినా పొద్దున్నే నుదురు బరువు, గొంతులోకి చిక్కగా కఫం దిగుతూనే ఉంది. మొన్న పోపు మాడి ఇల్లంతా పొగ కమ్మితే, పక్క గదిలో ఉండి కూడా వాసన పట్టలేదు. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నుంచి మా తమ్ముడు మనూకా తేనె తెచ్చాడు, అక్కడి మనూకా పొదల పూల తేనె అట. ఉప్పునీళ్లలో కలిపి ముక్కు కడిగితే తగ్గుతుందంటున్నాడు. నిజమేనా? లేదంటే ఇంట్లో ఉన్న పుట్టతేనె సరిపోతుందా?

పల్నాడు_రైతు:
మా నాయనమ్మ దగ్గొస్తే తేనెలో మిరియాలపొడి కలిపి నాకించేది. గొంతుకి హాయిగా ఉండేది. ముక్కులో పోసుకున్నవాళ్లను మాత్రం చూడలేదమ్మా.

పదకొండేళ్ల_సైనస్:
పుట్టతేనె వద్దండీ, దయచేసి. నేను ఆ పని చేశాను. చెంచాడు తేనె గోరువెచ్చని నీళ్లలో కలిపి పోసుకుంటే ముక్కు నుంచి చెవి దాకా మండింది, గంటసేపు కళ్లు తెరవలేకపోయాను. వంటింటి తేనెలో పుప్పొడి, సూక్ష్మజీవుల బీజాలు ఉంటాయి. వైద్యానికి వాడే తేనెను గామా కిరణాలతో శుద్ధి చేస్తారు. మీ తమ్ముడు తెచ్చిన సీసా కూడా తినే తేనే అయుంటుంది.

మనూకా మీద ఆశ ఊరికే పుట్టలేదు. సైనస్ గోడలకి సూక్ష్మజీవులు, బండకి పాచి పట్టినట్టు, అతుక్కుపోతాయి. యాంటీబయాటిక్ ఆ పాచి లోపలికి సరిగా దిగదు. మనూకా తేనె, యెమెన్‌లో సిద్ర్ చెట్టు పూల నుంచి వచ్చే తేనె ఆ పాచిలోని సూక్ష్మజీవుల్ని చంపుతున్నాయని కెనడాలో ఒట్టావా పరిశోధకులు 2009లో చూపించారు. కానీ అది ల్యాబ్‌లో. మనుషుల సంగతికొస్తే, అమెరికాలో 2017లో వచ్చిన పరీక్షలో ఆపరేషన్ అయినా తగ్గనివాళ్లు 30 రోజులు, రోజుకి రెండుసార్లు ముక్కు కడుక్కున్నారు. కొందరు మనూకా కలిపిన ఉప్పునీళ్లతో, కొందరు ఉత్త ఉప్పునీళ్లతో. బాధ ఇద్దరికీ తగ్గింది, తేనెవాళ్లకి ఎక్కువ తగ్గిందని గట్టిగా తేలలేదు. నన్నడిగితే ఉప్పునీళ్లు రోజూ మానకుండా వాడడమే మేలు.

వాసన పోయిందన్నారు కదా, ముక్కు లోపల పాలిప్స్, అంటే మెత్తటి కండలు, పెరిగాయేమో ఈఎన్‌టీ డాక్టర్‌తో ఎండోస్కోపీ (సన్నని కెమెరా గొట్టంతో లోపల చూడడం) చేయించండి. అది ఆలస్యం చేయొద్దు.

తెనాలి_కోడలు:
చాలా థాంక్సండీ. శుక్రవారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఉప్పు ఎంత వేయాలి?

పదకొండేళ్ల_సైనస్:
పావు లీటరు నీళ్లకి అర టీస్పూన్ లోపు, అయోడిన్ కలపని ఉప్పు. చిటికెడు వంటసోడా. నీళ్లు మాత్రం బాగా మరిగించి చల్లార్చినవే, కుళాయివి నేరుగా వద్దు. మండితే ఉప్పు కొంచెం తగ్గించండి.