స్కైరిమ్ వీడియో గేమ్‌లో లెవెల్ 32కి వచ్చాను కానీ డ్రాగర్ (సమాధుల్లో లేచి తిరిగే శవాలు) దెబ్బకు నిలవలేకపోతున్నాను

తప్పు నాదే. కొండలెక్కుతూ, తాళాలు తీస్తూ, కమ్మరి పనిలో బాకులు తయారు చేస్తూ హాయిగా తిరిగాను. ఇప్పుడు నా నైపుణ్యాల్లో స్మితింగ్ (కమ్మరి పని) 100, లాక్‌పికింగ్ 90, స్పీచ్ (మాట నేర్పు) 80. పోరాటానికి కావాల్సిన వన్-హ్యాండెడ్ (ఒంటిచేతి ఆయుధాలు) మాత్రం 34! నా లెవెల్‌తో పాటే శత్రువులూ బలిశారు. సమాధుల్లో డ్రాగర్ డెత్‌లార్డ్ (బలమైన రకం డ్రాగర్) కొట్టే రెండు దెబ్బలకే పోతున్నాను. ఆటలో నాకు తోడుగా వచ్చే లిడియా నాకంటే ముందే మోకాళ్ల మీద కూలబడుతుంది.

డిఫికల్టీ అడెప్ట్ నుంచి నోవిస్‌కు తగ్గించి చూశాను, మరీ చప్పగా ఉంది. డబ్బిచ్చి నేర్చుకుందామంటే లెవెల్‌కు 5 సార్లే. కవచం ఇప్పటికే బాగా మెరుగుపరిచాను, బ్లాక్ చేయడం కూడా ప్రయత్నించాను.

మోడ్లు (ఆటను మార్చే అదనపు ఫైళ్లు) వద్దు, కొత్తగా మొదలుపెట్టే ఓపికా లేదు. 100కు చేరిన స్మితింగ్‌ను లెజెండరీ చేస్తే అది 15కు పడిపోయి, అందులో పెట్టిన పెర్కులు (నైపుణ్యాన్ని బలపరిచే పాయింట్లు) వెనక్కొస్తాయి కదా, వాటిని వన్-హ్యాండెడ్‌లో పెడితే ఈ స్థితిలో నిజంగా గట్టెక్కుతానా?