ఒక్క మోటారుకి ఆరు తాళాలు కావాలా?

షిఫ్ట్_బి:
కన్వేయర్ హెడ్ డ్రమ్ (బెల్టుని లాగే చివరి పెద్ద రోలర్) గేర్‌బాక్స్ మార్చాలి. పని మీద ఆరుగురు: ముగ్గురు ఫిట్టర్లు, ఒక ఎలక్ట్రీషియన్, ఇద్దరు హెల్పర్లు. మోటారుకి కరెంటు ఇచ్చే బ్రేకర్ ఉన్న ఎంసీసీ రూమ్ (మోటార్ల స్విచ్‌లుండే గది) బెల్టుకి బాగా దూరం. పని మధ్యలో ఎవరూ ఆన్ చేయకుండా ఆరుగురూ అక్కడిదాకా వెళ్లి బ్రేకర్‌కి ఎవరి తాళం వాళ్లే వేయాలని సేఫ్టీ వాళ్ల పట్టు. షిఫ్ట్ ఇన్‌చార్జి ఒక్క తాళం వేసి, ట్యాగ్ కట్టి, తాళంచెవి తన దగ్గర పెట్టుకుంటే చాలదా?

బేరింగ్_బాబాయ్:
చాలదండీ. ఐదుగురు బయటికొచ్చారు, ఆరో మనిషి డ్రమ్ వెనక బోల్టు బిగిస్తున్నాడు. పని అయిపోయిందనుకుని ఇన్‌చార్జి తాళం తీశాడు. అప్పుడు? లోపల మనిషి ఉన్నంతసేపూ అతని తాళం ఉండాలి, చెవి అతని జేబులోనే ఉండాలి. నడక తప్పాలంటే గ్రూప్ లాక్ బాక్స్ వాడండి. బ్రేకర్‌కి వేసిన తాళంచెవి పెట్టెలో వేసి, పెట్టెని బెల్టు దగ్గరికే తెచ్చి, ఆరుగురూ దానికి తమ తాళాలు వేస్తారు. ఆఖరి తాళం తీసేదాకా పెట్టె తెరుచుకోదు.

మెగ్గర్:
తాళాల లెక్క తర్వాత. బ్రేకర్ హ్యాండిల్ ఆఫ్‌లో ఉన్నా లోపల ఒక ఫేజు కాంటాక్టు అతుక్కుని ఉండొచ్చు. టెస్టర్‌ని ముందు లైవ్ (కరెంటు ఉన్న చోటు) మీద సరిచూడాలి. తర్వాత ఫేజుకీ ఫేజుకీ, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య కొలవాలి. మళ్లీ లైవ్ మీద సరిచూడాలి. ఈ ఆఖరిదే వదిలేస్తారు. మధ్యలో టెస్టర్ పాడైతే అదీ సున్నానే చూపిస్తుంది.

షిఫ్ట్_బి:
నేనడిగింది టెస్టింగ్ గురించి కాదు. ట్యాగ్ మీద పేరు, టైము, పని అన్నీ ఉంటాయి. అది చూసి కూడా ఎవరు స్టార్ట్ చేస్తారు?

గ్రీజుగన్:
తడిస్తే రాత చెరిగిపోతుంది, దుమ్ము పడితే కనబడదు. ట్యాగ్ చెప్పగలదు గానీ ఆపలేదు.

మెగ్గర్:
టెస్టర్ మాటకి జవాబు లేదు. డ్రైవ్ (మోటారు వేగం మార్చే ఎలక్ట్రానిక్ పరికరం) మీద నడిచే మోటారైతే ఇంకోటి. 400 వోల్టుల సప్లైకి డ్రైవ్ లోపల డీసీ బస్ దాదాపు 560 వోల్టుల దాకా ఉంటుంది. బ్రేకర్ తీశాకా కెపాసిటర్లలో అది నిలిచే ఉంటుంది. డ్రైవ్ మీద రాసినన్ని నిమిషాలు ఆగి, కొలిచాకే టెర్మినల్ ముట్టాలి.

బేరింగ్_బాబాయ్:
వాలు కన్వేయరైతే కరెంటు తీసినా ప్రమాదం తీరదు. బెల్టు మీద సరుకుంటే కప్లింగ్ విప్పగానే వెనక్కి పరుగెడుతుంది. హోల్డ్‌బ్యాక్ (బెల్టు వెనక్కి తిరగకుండా పట్టేది) గేర్‌బాక్స్‌కే ఉంటే అదీ దానితోపాటే ఊడొస్తుంది. కాబట్టి ముందు బెల్టు ఖాళీ చేయాలి, క్లాంపు వేయాలి, టేకప్ కౌంటర్‌వెయిట్‌ని (బెల్టుని బిగువుగా ఉంచే బరువుని) చైన్‌బ్లాక్‌తో లేపి కట్టేయాలి.

కరెంటు పోయిందో లేదో తెలియడానికి స్టార్ట్ బటన్ నొక్కి చూసే దగ్గరా పొరపాటు జరుగుతోంది. పుల్ కార్డ్ (బెల్టుని అత్యవసరంగా ఆపే తాడు) లాగి ఉంటే బెల్టు ఎలాగూ కదలదు, అది చూసి ఐసొలేషన్ (కరెంటు పూర్తిగా తెంచడం) అయిందనుకుంటారు. తాళం వేశాక, మనుషులంతా దూరంగా ఉన్నారని చూసుకుని, పుల్ కార్డ్ రీసెట్ చేసి, లోకల్ మోడ్‌లో (బెల్టు దగ్గరి బటన్‌తోనే నడిచేలా) పెట్టి నొక్కాలి.

షిఫ్ట్_బి:
రాయడం తేలికండీ! ఇవన్నీ చేస్తూ కూర్చుంటే గేర్‌బాక్స్ ఎప్పుడు దించాలి? బెల్టు ఆగిన ప్రతి నిమిషానికీ సంజాయిషీ చెప్పేది మేము, మీరు కాదు. ప్లానింగ్ షీట్‌లో ఐసొలేషన్‌కి ఒక్క నిమిషం కూడా లేదు. బెల్టు ఆగిన క్షణం నుంచే స్పానర్ పట్టినట్టు లెక్క.

బేరింగ్_బాబాయ్:
అయితే మీ ఇబ్బంది తాళాలతో కాదు, షట్‌డౌన్ టైముతో. అది దాచి ఆరు తాళాలు ఎందుకని అడిగితే మేమేం చెప్పాలి?

కాంట్రాక్ట్_హెల్పర్:
ఆరు ఆరు అంటున్నారు, ఆ ఆరూ ఎక్కడున్నాయి సార్? హెల్పర్లకి తాళాలివ్వరు. గేటు దగ్గర హెల్మెట్, జాకెట్ ఇచ్చి పంపుతారు. పెట్టె మీద నాలుగే పడతాయి. డ్రమ్ కింద దూరి రాలిన సరుకు ఎత్తేది మాత్రం మేమే.

షిఫ్ట్_బి:
అది నిజమే. స్టోర్స్‌లో పర్మనెంట్ వాళ్ల పేరు మీదే తాళాలు ఇష్యూ అవుతాయి. ఇన్‌చార్జి తాళమే అందరికీ అన్న వాడుక అక్కడే మొదలైంది.

బేరింగ్_బాబాయ్:
పర్మిట్ (పనికి ఇచ్చే అనుమతి కాగితం) మీద పేర్లు ఆరు, పెట్టె మీద తాళాలు నాలుగు ఉంటే పని మొదలెట్టకూడదు. హెల్పర్ల తాళాలు పర్మిట్‌తోపాటే ఇచ్చి, పర్మిట్ మూసేటప్పుడు వెనక్కి తీసుకోండి. షిఫ్ట్ మారితే వచ్చేవాళ్ల తాళం పడ్డాకే వెళ్లేవాళ్లది తీయాలి. ప్లానింగ్ షీట్‌లో ఐసొలేషన్‌కి ఒక లైను, తిరిగి సప్లై ఇవ్వడానికి ఇంకో లైను వేయించండి.

షిఫ్ట్_బి:
తాళాలు ఇప్పిస్తాను. ప్లానింగ్ షీట్ నా చేతిలో లేదు.

బేరింగ్_బాబాయ్:
పర్మిట్ మీద సంతకం మీదేగా. టైము చాలదని దాని మీదే రాసి వెనక్కి పంపండి.

మెగ్గర్:
ఎలక్ట్రీషియన్ బ్రేకర్ తాళంచెవి పెట్టెలో వేసేముందు మూడు ఫేజుల రీడింగులూ ఆ పర్మిట్ మీదే రాయించండి. టెస్టర్‌ని రెండోసారి సరిచూసిన టైము కూడా.