టీ కరోనే బొరియాలిస్: హైదరాబాద్ డాబా మీద నుంచి కాంతిని అంచనా కట్టేదెలా?

అందరికీ నమస్కారం. ఉత్తర కిరీటం అనే నక్షత్రరాశిలోని ఈ నోవా (ఉన్నట్టుండి పేలి వెలిగే నక్షత్రం) కోసం కళ్లలో వత్తులు వేసుకుని ఎదురుచూస్తున్నాను. 1866లో, 1946లో పేలిన నక్షత్రం ఇది. అక్కడి శ్వేత కుబ్జతార (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన చిన్న తార) పక్కనున్న ఎర్రటి రాక్షస తార నుంచి వాయువును లాక్కుంటుంది, అది పేరుకుపోయాక ఒక్కసారిగా భగ్గుమంటుంది. మామూలుగా మాగ్నిట్యూడ్ (కాంతి కొలత; అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) 10 దగ్గర ఉండేది సుమారు 2కు చేరి, వారం పది రోజుల్లోనే మళ్లీ కంటికి అందకుండా పోతుంది. అందుకే నా ఆరాటం.

మాది ఉప్పల్. స్వాతి నుంచి అభిజిత్ వైపు చూపు జరిపితే, దారిలో చిన్న గిన్నె ఆకారంలో కిరీటం దొరుకుతుంది. వీధి దీపాల వెలుతురులో కంటికి ఆ కిరీటంలో అన్నిటికంటే ప్రకాశవంతమైన ఆల్ఫెక్కా ఒక్కటే ఆనుతుంది. 10×50 బైనాక్యులర్‌లో అదే కిరీటంలోని ఎప్సిలాన్ అనే తార కూడా చక్కగా కనిపిస్తుంది. దాని పక్కనే, సుమారు ఒక డిగ్రీ దూరంలో నోవా ఉండాల్సిన చోటు మాత్రం ఖాళీ.

ఈ ఖాళీని ఎలా నమోదు చేయాలన్నదే నా ప్రధాన సందేహం. ‘ఫలానా మాగ్నిట్యూడ్ కంటే మసక’ అని రాయడానికి, ఆ హద్దును ఏ పోలిక నక్షత్రాలతో (మాగ్నిట్యూడ్ ముందే తెలిసినవాటితో) తేల్చుకుంటారు? నగరపు ఆకాశం కింద మీకు అందే హద్దు ఎంత? పేలిన రాత్రి ఆల్ఫెక్కాతో పోల్చేటప్పుడు రంగుల తేడా కంటిని మోసగించకుండా ఏం చేస్తారు?

అనంతగిరి వైపు రాత్రిపూట ఎక్కడ సురక్షితంగా, అనుమతితో పరిశీలించవచ్చో కూడా అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి. వానాకాలం మబ్బులు కమ్మేలోగా ఒకసారైనా వెళ్లాలనుకుంటున్నాను.