పింగ్ పచ్చగా ఉంటే సర్వర్ పనిచేస్తున్నట్టేనా?

పరకాల కౌంటర్:
మాది విత్తనాలు, పురుగుమందుల షాపు. వరంగల్, పరకాల, నర్సంపేటల్లో బ్రాంచీలున్నాయి. బిల్లింగ్ సర్వర్ హైదరాబాద్‌లో ఒక డేటాసెంటర్‌లో అద్దెకుంది. పరకాలలో సాయంత్రం ఆరు దాటిందంటే బిల్లు నొక్కగానే స్క్రీన్ మీద చక్రం తిరగడం మొదలవుతుంది, ఎంతకీ ఆగదు. ఎదురుగా పత్తి గింజల కోసం రైతులు నిలబడి ఉంటారు. సర్వర్ వాళ్లను అడిగితే నెల రిపోర్టు పంపారు. అందుబాటు 99.97 శాతమట, గ్రాఫ్ అంతా పచ్చగా ఉంది. వాళ్లు 5 నిమిషాలకోసారి పింగ్ కొడతారు, అంటే 'ఉన్నావా' అని చిన్న డేటా ప్యాకెట్ పంపి జవాబు వస్తుందో లేదో చూస్తారు, అదీ అదే బిల్డింగ్‌లో ఉన్న ఇంకో మిషన్ నుంచి. దీన్ని మానిటరింగ్ అంటారా? కొలిచేదేదో మేం కూర్చున్న చోటి నుంచి కొలవాలి.

నైట్‌షిఫ్ట్ జనగామ:
నేను డేటాసెంటర్ మానిటరింగ్‌లోనే పనిచేస్తా. మీ సర్వర్ మా దగ్గరది కాదు, ముందే చెప్తున్నా. తమ్ముడూ, సర్వర్ వేరు, సర్వర్ దాకా వచ్చే దారి వేరు. పరకాలలో స్తంభం మీద వైరు తెగితే హైదరాబాద్‌లో సర్వర్ డౌన్ అని రాసుకోవాలా? ప్రతి కస్టమర్ ఇంటి నుంచీ కొలుస్తూ పోతే ఏ నెల లెక్కా ఇంకో నెలతో పోల్చలేం.

హన్మకొండ చౌరస్తా:
కోతులు. వైరు మీద ఊగే కోతులు. ఆధారం కావాలంటే మా గల్లీకి రండి.

పరకాల కౌంటర్:
వైరు తెగితే అసలు ఓపెనే కాదన్నా. నిన్న 6:40కి ఎంటీఆర్ పెట్టి చూశా, అంటే సర్వర్ దాకా దారిలో ఒక్కో హాప్ (మజిలీ) దగ్గర ఎన్ని ప్యాకెట్లు పోయాయో, జవాబుకు ఎంత టైమ్ పట్టిందో చూపే టూల్. మొదటి హాప్, మా రూటర్: లాస్ 0, టైమ్ 1 మిల్లీసెకను. రెండోది: లాస్ 0, టైమ్ 640. మూడోది: లాస్ 60 శాతం, టైమ్ 652. చివర ఏడోది, సర్వర్: లాస్ 0, టైమ్ 655. మూడో దగ్గర 60 శాతం పోతోంది! అది కేబుల్ వాళ్ల రూటర్. ఇంకేం రుజువు కావాలి?

కాజీపేట ఫైబర్:
నేను ఆ కేబుల్ పనే చేస్తా కాబట్టి చెప్తున్నా. మూడో దగ్గర 60 శాతం పోతే ఏడో దగ్గరికి అన్నీ ఎట్లా చేరాయి? రూటర్ అసలు పని ప్యాకెట్లను దాటించడం. టీటీఎల్ (ప్యాకెట్ ఎన్ని హాప్‌లు దాటొచ్చన్న లెక్క, ఎంటీఆర్ దీన్ని కావాలనే తక్కువ పెట్టి పంపుతుంది) అయిపోయిన ప్యాకెట్‌కు జవాబు రాయడం దాని సీపీయూకు తీరిక ఉంటే చేసే పని. దానికి లిమిట్ పెట్టి ఉంటారు. లాస్ నిజమైతే అక్కడి నుంచి చివరి దాకా ప్రతి లైన్‌లో కనబడుతుంది. పోయిన వానాకాలం ఒకాయన ఇట్లాంటి స్క్రీన్‌షాట్ పంపి, వానలో, రాత్రిపూట నన్ను స్తంభం ఎక్కించాడు. లైన్ శుభ్రంగా ఉంది. ఆయన రూటర్ ఇనుప బీరువా వెనక ఉంది.

పరకాల కౌంటర్:
మరి 60 ఎందుకు చూపిస్తుంది? లేనిది చూపిస్తుందా?

కాజీపేట ఫైబర్:
ఇప్పుడే కదా చెప్పిన.

నర్సంపేట కోడర్:
మీరిద్దరూ పింగ్ దగ్గరే ఆగిపోయారు. పింగ్‌కు జవాబిచ్చేది సర్వర్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చచ్చి పడున్నా పింగ్ వస్తూనే ఉంటుంది. కొలిస్తే 443 పోర్టుకు (సర్వర్‌లో వెబ్ పేజీలు ఇచ్చే ద్వారం) కనెక్షన్ కలవడానికి ఎంత పట్టింది, లాగిన్ పేజీ పూర్తిగా రావడానికి ఎంత పట్టింది అని కొలవాలి. పైగా 5 నిమిషాల చెకింగ్‌లో వరసగా మూడు ఫెయిలైతేనే డౌన్ అని రాసే పద్ధతి చాలాచోట్ల ఉంది. అట్లాంటి చోట పది నిమిషాల లోపు పోయి వచ్చిందేదీ లెక్కలోకే రాదు. ఒకవేళ 99.97 నిజమే అనుకున్నా, అంటే నెలకు 13 నిమిషాలు. ఆ 13 తెల్లవారుజామున మూడింటికి పోతే ఎవరికీ తెలియదు, జూన్‌లో విత్తనాల రోజున సాయంత్రం పోతే షాపు మునుగుతుంది. శాతంలో రెండూ ఒకటే.

నైట్‌షిఫ్ట్ జనగామ:
అవన్నీ మాకూ తెలుసు. కానీ సర్వర్ లాగ్ బాగుంటే, లైన్ బాగుంటే, ఇక మిగిలింది కౌంటర్‌లో కూర్చున్న మనిషి. చాలాచోట్ల చూశా, అక్కడి పిల్లగాడు ఫోన్‌లో రీల్స్ చూస్తూ నెట్ స్లో అంటాడు. దాన్ని కూడా కొలవండి.

పరకాల కౌంటర్:
ఆ పిల్లగాణ్ణి నేనే.
మీ 99.97 రిపోర్టు ప్రింటు తీసి సేటు నా ముందు పెట్టాడు. "సర్వర్ బ్రహ్మాండంగా ఉందట, మరి సాయంత్రం బిల్లులు ఎందుకు తగ్గాయి?" అన్నాడు. జీతంలో కోత పెట్టాడు. మీకది గ్రాఫ్. నాకది ఛార్జిషీటు. ఇప్పుడు రీల్స్ అంటావా?

మోడరేటర్:
వ్యక్తిగతంగా వద్దు. రెండు కామెంట్లు తీసేశాం.

నైట్‌షిఫ్ట్ జనగామ:
రీల్స్ మాట వదిలెయ్. కానీ ఆ రిపోర్టు నీ పని చూడటానికి తయారుచేసింది కాదు. కాంట్రాక్టులో కొలిచే చోటు డేటాసెంటర్ గేటు అని రాసుకుంటారు. అక్కడ ఒప్పుకున్న శాతం కన్నా తగ్గితే మేం డబ్బు వాపసివ్వాలి. గేటు బయట కొలిచి, కేబుల్ వాడి తప్పుకు మేమెందుకు కట్టాలి?

పరకాల కౌంటర్:
కట్టొద్దు. "ఇది మా గేటు దాకానే" అని రిపోర్టు మీద ఒక్క లైన్ రాస్తే చాలు. ఆ లైన్ లేకనే కోత నా మీద పడింది.

నర్సంపేట కోడర్:
ఆ ఎంటీఆర్ మళ్లీ చూడండి. అందరం లాస్ పట్టుకుని కొట్టుకుంటున్నాం, పక్కనే టైమ్ ఉంది. వరంగల్ నుంచి హైదరాబాద్ దాదాపు 150 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుతురు మిల్లీసెకనుకు 200 కిలోమీటర్లు పోతుంది. రానూపోనూ కలిపి రెండు మిల్లీసెకన్ల లోపే. పరకాల నుంచి, మధ్యలో రూటర్లన్నీ కలిపినా పది పదిహేను దాటకూడదు. ఇక్కడ 655. అదీ రెండో హాప్ దగ్గరే ఒక్కసారిగా ఎగిరింది.

నైట్‌షిఫ్ట్ జనగామ:
అదిగో, కేబుల్ లైనే. కేసు క్లోజ్.

కాజీపేట ఫైబర్:
ఆగు, అప్పుడే సంబరపడకు. షాపు నుంచి బయటికి పోయే అప్‌లోడ్ నిండిపోతే ప్యాకెట్లు రూటర్‌లోనే క్యూ కడతాయి. తప్పిపోవు, ఆలస్యంగా చేరతాయి. అందుకే లాస్ సున్నా, టైమ్ ఆరొందలు. తమ్మీ, సాయంత్రం అక్కడ ఏది అప్‌లోడ్ అవుతుంది? సీసీ కెమెరాలున్నాయా?

పరకాల కౌంటర్:
నాలుగున్నాయి. ఆరు కాగానే సేటు ఇంటికి పోయి ఫోన్‌లో నాలుగూ ఓపెన్ చేసి కూర్చుంటాడు, కౌంటర్ ఎట్లా నడుస్తుందో చూడటానికి.

హన్మకొండ చౌరస్తా:
😂😂

కాజీపేట ఫైబర్:
ఒక్కో కెమెరా 3, 4 ఎంబీపీఎస్ లాగుతుంది. నాలుగింటికి లెక్కేసుకో. మీ సేటు తీసుకున్నది ఇంటి ప్లాన్ అయితే అప్‌లోడ్ అంత ఉండదు. పింగ్ నడిపిస్తూ కెమెరా రికార్డర్ వైరు ఒక నిమిషం తీసి చూడు.

పరకాల కౌంటర్:
ఇప్పుడే తీసి చూశా. 11 మిల్లీసెకన్లు. మళ్లీ పెట్టగానే 600 పైకి పోయింది. సేటు వెంటనే ఫోన్ చేశాడు, కెమెరా ఎందుకు పోయిందని.

నైట్‌షిఫ్ట్ జనగామ:
సర్వర్ తప్పు కాదని మొదటి నుంచీ చెప్తున్నా.

నర్సంపేట కోడర్:
తప్పు కాదు సరే, పచ్చ గ్రాఫ్ చూసి ఇది ఎవరికైనా తెలిసేదా? షాపులో మూలన పడున్న పాత కంప్యూటర్ ఒకటి పెట్టి, నిమిషానికోసారి లాగిన్ పేజీ తెరిచి టైమ్ రాసుకుంటే మొదటి వారంలోనే బయటపడేది.

కాజీపేట ఫైబర్:
రూటర్‌లో కెమెరాలకు అప్‌లోడ్ లిమిట్ పెట్టుకోవచ్చు. లోపలికి లాగిన్ అయితే చాలు, పాస్‌వర్డ్ రూటర్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది.

పరకాల కౌంటర్:
స్టిక్కర్ మీదిది పనిచేయట్లేదు, సేటు మార్చాడు. రేపు అడుగుతా. కెమెరాల కోసమని చెప్పను, బిల్లుల కోసమని చెప్తా.