మనోవర్తి కట్టని తండ్రిని జైలుకు పంపితే బిడ్డకు ఒరిగేదేంటి?

సంధ్యారాగం:
మా అక్క కొడుక్కి నెలనెలా మనోవర్తి ఇవ్వమని ఫ్యామిలీ కోర్టు ఆర్డర్ ఇచ్చింది. బావ కొన్నాళ్ళు కట్టి మానేశాడు. వారెంటు వేయిద్దామని లాయర్ అంటున్నారు. జైలుకెళ్తే ఉన్న ఉద్యోగం పోతుంది, ఇక డబ్బెక్కడ నుంచి వస్తుంది? అమ్మ కూడా "పిల్లాడి తండ్రిని జైల్లో పెట్టిస్తారా" అని ఒకటే ఏడుపు. అసలు ఇలాంటి కేసుల్లో జైలు ఉండకూడదని నా అభిప్రాయం. మీరేమంటారు?

చుక్కలలేడి:
ఉండి తీరాలండీ. మా పాప ఫీజుకి లేదు లేదన్న డబ్బు, పోలీసులు వారెంటుతో గుమ్మం ఎక్కిన రోజే బయటికొచ్చింది. ఆ భయం లేకపోతే కోర్టు ఆర్డర్ ఉత్త కాగితమే.

నల్లకోటు:
ఈ కేసులు వాదించే లాయర్‌ని. మీరిద్దరూ జైలును శిక్షగా చూస్తున్నారు. చట్టానికి అది వసూలు మార్గం. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో మనోవర్తికి ఉన్న 125వ సెక్షన్, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 144 అయింది, పద్ధతి అదే. తగిన కారణం లేకుండా కట్టకపోతే కోర్టు జరిమానాలు వసూలు చేసినట్టే ఆ బకాయిని ముందు వారెంటు మీద రాబట్టాలి. అప్పటికీ కట్టకపోతే ఒక్కో నెల బకాయికి నెల వరకు జైలు, మధ్యలో కట్టేస్తే విడుదల. జైల్లో ఉండొచ్చాను కాబట్టి బాకీ తీరిపోయిందంటే చెల్లదని 1989లోనే కుల్దీప్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

సంధ్యారాగం గారూ, మీ బావది ఉద్యోగం కాబట్టి జీతం జప్తు అడగండి, అంటే ఆఫీసే జీతంలోంచి కోసి కట్టేలా కోర్టు ఆర్డర్. మనోవర్తి ఆర్డర్‌ను సివిల్ డిక్రీలాగా (డబ్బు కట్టమని సివిల్ కోర్టు ఇచ్చే తీర్పులాగా) అమలు చేయించుకోవచ్చని 2020లో రజ్నేష్ - నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మామూలు అప్పుకైతే జీతంలో చాలా భాగం ముట్టుకోకూడదు. మనోవర్తికి మాత్రం మూడో వంతు వదిలి మిగతాది జప్తు చేయొచ్చు. ఉద్యోగం పోదు, డబ్బూ వస్తుంది. నా మటుకు నేను జైలును చివరికే అడుగుతాను.

ఒంటరిబాట:
తండ్రి వైపు నుంచి ఒక మాట. నా ఉద్యోగం పోయింది, బకాయి మాత్రం నెలనెలా పెరుగుతూనే ఉంది. పైగా బాబుని చూడనివ్వరు. కట్టలేనివాడినీ ఎగ్గొట్టేవాడినీ ఒకే గాటన కడితే ఎలా? వారెంటు అనే మాట వింటేనే టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

నల్లకోటు:
ఆర్డర్ మొత్తాన్ని తగ్గించమని బీఎన్ఎస్ఎస్ 146 కింద వెంటనే పిటిషన్ వేయండి. కోర్టుకు చెప్పకుండా కట్టడం ఆపేస్తే ఎగ్గొడుతున్నారనే అనుకుంటారు. బాబుని చూసే హక్కు కోసం వేరే పిటిషన్ వేసుకోవాలి. చూపించలేదని తిండి డబ్బు ఆపడం మాత్రం తప్పండీ, ఆ గొడవలో వాడి ప్రమేయమే లేదు.

చుక్కలలేడి:
జీతం ఉన్నవాళ్ళకి జప్తు సరే, నగదు వ్యాపారం చేసేవాళ్ళ సంగతి? మా ఆయన కాగితాల మీద పైసా ఆదాయం లేదు. ఏ ఆఫీసుకి ఆర్డర్ పంపాలి? అలాంటి చోట జైలు తీసేస్తే మాకు మిగిలేదేంటి?

నల్లకోటు:
అందుకే తీసేయమనను. అదే 2020 తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి. బ్యాంకు స్టేట్‌మెంట్లు తెప్పించమని అడగండి. అబద్ధం బయటపడితే వారెంటు అడగడానికి నేనూ వెనకాడను. ఇంకోటి, వారెంటు పిటిషన్ బకాయి పడిన ఏడాదిలోపు వేయాలి. రాజీ మాటలతో ఆ గడువు దాటబెట్టుకున్న తల్లులు చాలామంది ఉన్నారు.

సంధ్యారాగం:
ఈ గడువు సంగతి మాకెవరూ చెప్పలేదు. జైలు మీద నా అభిప్రాయం పూర్తిగా మారలేదు కానీ, చుక్కలలేడి గారి లాంటి కేసుల్లో కాదనలేను. బావ ఆఫీసు వివరాలు అక్క దగ్గరున్నాయి, ముందు జీతం జప్తుకే వేయిస్తాం. ఏడాది దగ్గరపడుతున్న నెలలకి వారెంటు పిటిషన్ కూడా వేయమంటాం. అమ్మకి నేనే నచ్చజెప్తాను.