పెరట్లో ఒంటరి హాథార్న్ చెట్టు: కొమ్మలు కొట్టించవచ్చా?

నమస్కారమండీ. ఐర్లండ్‌లో మేం అద్దెకుంటున్న ఇంటి పెరట్లో ఒంటరి హాథార్న్ చెట్టు ఉంది. ముళ్లు పిల్లాడికి గీసుకుంటున్నాయి, కొమ్మలు కొట్టిద్దామంటే పక్కింటి పెద్దావిడ కంగారుపడిపోయారు. అది ఫెయిరీల (ఇక్కడి జానపద కథల్లోని మాయాజీవుల) చెట్టట, ముట్టుకుంటే అరిష్టమట. మా ఊళ్లో అమ్మవారి వేపచెట్టు దగ్గర జంకినట్టే! 1999లో క్లేర్ కౌంటీలోని లాటూన్ దగ్గర ఇలాంటి చెట్టును కాపాడటానికి రోడ్డు ప్లానే సవరించారని చదివాక నాకూ టెన్షన్ పట్టుకుంది.

ఇంకో గందరగోళం. పుట్టినరోజును బట్టి మన 'కెల్టిక్ చెట్టు' (కెల్ట్‌లంటే ఇక్కడి ప్రాచీన జనం) ఏదో చెప్పే పట్టిక ఒకటి మా ఆవిడకు దొరికింది. అచ్చం నక్షత్ర వృక్షాల్లా ఉందే అని మురిసిపోయాం. తీరా చూస్తే ఆ 13 నెలల చెట్ల క్యాలెండర్‌కి మూలం 1948లో వచ్చిన ఇంగ్లిష్ కవి రాబర్ట్ గ్రేవ్స్ పుస్తకమట! ఆ క్యాలెండర్‌కి ఆధారంగా చూపే ఓగమ్ లిపి, అంటే రాళ్ల మీద చెక్కిన ప్రాచీన ఐరిష్ లిపి, మాత్రం నిజంగా పాతదే. అందులో 'దర్' అనే అక్షరం పేరుకు అర్థం ఓక్ చెట్టు. కానీ అక్షరాల పేర్లన్నీ చెట్లవి కావంటారు.

హాథార్న్ భయం ఓగమ్ కాలం నాటిదా, తర్వాత పుట్టిన జానపద నమ్మకమా? దాని పూలు ఇంట్లోకి తేకూడదన్నదీ ఇందులో భాగమేనా? ఇక్కడ ఉంటున్నవాళ్లు ఇలాంటి చెట్టును ఏం చేశారో చెప్పండి. ఇంటి ఓనరేమో నీ ఇష్టం అంటున్నాడు, పక్కింటి పెద్దావిడతో మాట పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.