అప్‌డేట్: అయస్కాంత క్షేత్రం గురించి అడిగిన ప్రశ్న

అయస్కాంత క్షేత్రం కూడా విద్యుత్ క్షేత్రమంత మూలమైనదేనా అని పోయిన వారం అడిగాను. పర్లాకిమిడిలో ట్యూషన్ చెబుతాను. ప్లస్ టూ అమ్మాయి అడిగితే "కాదమ్మా, అది కదిలే విద్యుదావేశం (ఛార్జ్) వల్ల అలా కనిపిస్తుందంతే" అనేశాను. అప్పటినుంచి ఒకటే టెన్షన్.

నేను చెప్పింది తప్పు. ఒంటరి ఆవేశంతో సమానంగా మనమూ కదిలితే దాని అయస్కాంత క్షేత్రం మాయమవుతుంది, నిజమే. కానీ కరెంటు పారే తీగలో ప్లస్, మైనస్ ఆవేశాలు సరిసమానం. దాని వెంట ఎంత వేగంగా పరుగెత్తినా అయస్కాంత క్షేత్రం పోదు, పైగా విద్యుత్ క్షేత్రం కొత్తగా కనిపిస్తుంది! 1905లో ఐన్‌స్టీన్ తన సాపేక్షతా సిద్ధాంతం (రిలేటివిటీ) వ్యాసాన్ని అయస్కాంతం, వాహకం ఉదాహరణతోనే మొదలుపెట్టారు. రెండూ ఒకే విద్యుదయస్కాంత క్షేత్రంలోని భాగాలు.

నిన్న ఆ అమ్మాయిని కూర్చోబెట్టి మళ్లీ చెప్పాను. "మరి ఎలక్ట్రాన్ కదలకపోయినా అయస్కాంతమే కదా సార్?" అంది. అవును, అదీ ఉంది.